అత్తయ్యగారి ప్రియదర్శిని

ఈ వారం నేను ఏ స్టూడియో గుమ్మమూ తొక్కలేదు. ఏ హీరోగారి కాల్షీట్ల గొడవా వినలేదు. అయినా ఆరుగురు తారల్ని దగ్గరగా చూసి వచ్చాను. ఆరుగురికీ డైలాగుల్లేవు, మేకప్పు పుట్టుకతోనే వచ్చింది, డాన్సు మాత్రం ఇరవై నాలుగ్గంటలూ ఆపరు. వాళ్లుంటున్నది అంబాజీపేటలో మా పెద్దత్తయ్య ఇంట్లో, 1987 నాటి టీవీ పెట్టెలో!

"సినిమా పత్రికలో చేపల గోలేమిటయ్యా?" అని సంపాదకులవారు కళ్లజోడు పైకి తోస్తున్నారని నాకు తెలుసు. అయ్యా, మన పాత సినిమాల్లో హీరోయిన్ తండ్రి బంగళా ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వంపు తిరిగిన మేడమెట్లు, తెల్ల టెలిఫోను, ఓ మూల చేపలతొట్టి. నీళ్ల అడుగున సీను తియ్యాలన్నా, కెమెరాకి ముందు ఓ తొట్టి పెట్టి అందులోంచి తియ్యడం పాతకాలపు చిట్కాయే. 1962లో వచ్చిన మొదటి జేమ్స్‌బాండ్ చిత్రం 'డాక్టర్ నో'లో విలన్ స్థావరంలో గోడంత అద్దం, అద్దానికవతల సముద్రం. తీరా వాళ్లకి దొరికిన ఫిలిం ముక్కలో ఉన్నవి బుల్లి బుల్లి చేపలట. తెరమీద వేస్తే గున్న ఏనుగుల్లా కనపడ్డాయి. ఇహ చేసేదేం లేక, ఆ అద్దం భూతద్దంలా పెద్దవి చేసి చూపిస్తుందని విలన్ నోటే ఓ మాట అనిపించేశారు. కాబట్టి చేపలు మన శాఖలోనివే. సంపాదకులవారూ, దయచేసి కత్తెర పక్కన పెట్టండి.

అసలు కథకొస్తాను.

మొన్న సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి రాద్దామని వెళ్లి అత్తయ్య ఇంట్లో దిగాను. కనుమ నాడు కొబ్బరితోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరే ఆ తీర్థం గురించి ఇంకోసారి చెప్తాను. తిరిగొచ్చేసరికి వీధరుగు మీద పాత సామాన్లవాడు కూర్చుని ఉన్నాడు. హాల్లో ఉన్న టీవీకి రెండొందలిస్తానంటున్నాడు. హైదరాబాదులో ఉన్న మా బావలిద్దరూ ఫోన్లో "ఇచ్చెయ్యమ్మా, చెదలు పడుతుంది" అంటున్నారు. అత్తయ్య మాత్రం ఫోను చెవికి పెట్టుకుని "ఆయ్... ఆయ్..." అంటోంది గానీ చూపంతా పెట్టె మీదే ఉంది.

ఆ పెట్టె సంగతి కాస్త చెప్పాలి. నాలుగు కోళ్లు, ముందర మడతపడే చెక్క తలుపులు, కుడి పక్క రెండు మరలు, కింద జల్లెడలాంటి స్పీకరు. బ్లాక్ అండ్ వైటు. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడది ఎవరికీ పనికిరాదు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో 'రామాయణ్' మొదలయ్యాక మావయ్య ఉండబట్టలేక కొన్నాడట. కొబ్బరిచెట్లను మించి ఎత్తుండాలని పొడుగాటి వెదురుగెడకి యాంటెన్నా కట్టాడట. ఆదివారం పొద్దున్న వీధంతా ఆ హాల్లోనే. ముందు వరసలో చాపల మీద పిల్లలు, కిటికీ ఊచలు పట్టుకుని పెద్దలు, ఒకావిడైతే టీవీకి హారతిచ్చేదట. 1988 జూలైలో సీరియల్ అయిపోతే, అక్టోబరులో 'మహాభారత్' మొదలైందాకా ఆదివారం ఇల్లు బోసిపోయిందని అత్తయ్య ఇప్పటికీ అంటుంది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి పెంకులు ఎగిరిపోతుంటే, మావయ్య బియ్యం బస్తా కంటే ముందు టీవీ మీద టార్పాలిన్ కప్పాడని దెప్పుతుంది కూడా. శుక్రవారం సాయంత్రం 'చిత్రలహరి' చూడ్డానికి నేనా తలుపుల ముందు మఠం వేసుక్కూర్చున్న రోజులు నాకే గుర్తు. నేనీ సినిమా రాతల్లో పడడానికి మూలం ఆ పెట్టే అంటే అబద్ధం కాదు.

బొమ్మ రావడం ఎప్పుడో మానేసింది. మూడేళ్ల క్రితం మావయ్యా వెళ్లిపోయాడు. అత్తయ్య మాత్రం రోజూ ఆ పెట్టె తుడిచి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పుతూనే ఉంది.

"అమ్మొద్దత్తయ్యా! దీన్ని చేపలతొట్టి చేద్దాం" అనేశాను. ఆ ఊపు ఎక్కడిదంటే, ఇలాంటి పిచ్చిపనులు చేసిన పెద్దమనుషుల సంగతి నాకు ముందే తెలుసు. కొరియాలో పుట్టిన నామ్ జూన్ పైక్ అనే కళాకారుడు 1975లో వరసగా టీవీలు పెట్టి, వాటి ముందు చేపలతొట్లు నిలబెట్టి 'వీడియో ఫిష్' అన్నాడు. చేప ఏదో, బొమ్మ ఏదో చూసేవాడే తేల్చుకోవాలి. 1990ల తొలిరోజుల్లో ఆండీ ఇనాట్కో అనే అమెరికా కాలమిస్టు పాత మాకింతోష్ కంప్యూటర్ డొల్లలో చేపల్ని ఎలా పెంచాలో రాసి అందరికీ పంచిపెట్టాడు. దాని పేరు మాక్వేరియం. ఆయనా కాలమిస్టే, నేనూ కాలమిస్టునే కదా అనిపించింది!

అత్తయ్య ఓ నిమిషం ఆలోచించి, "అయితే మళ్లీ ఏదో ఒకటి కదుల్తుందన్నమాట అందులో" అంది. పాత సామాన్లవాడు సైకిలెక్కాడు.

ముందుగా ఓ హెచ్చరిక. మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఉంటే, స్క్రూడ్రైవరు పట్టుకుని మీరే వెనక అట్ట విప్పకండి. తీగ పీకేసినా సరే, పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల కరెంటు నిలవుండి పోవచ్చు. పైగా ట్యూబు లోపల గాలి ఉండదు, శూన్యం. దెబ్బ తగిలితే లోపలికి పేలి గాజుముక్కలు మొహం మీదికొస్తాయి. అమలాపురం నుంచి ఓ ముసలి టీవీ మెకానిక్కును పిలిపించాను. ఆయన రబ్బరు చేతొడుగులు వేసుకుని, ఇనుపకడ్డీకి తీగ చుట్టి, దాన్ని అడుగు లోహానికి తగిలించి, ట్యూబు పక్కన రబ్బరు టోపీ కిందకి దూర్చాడు. 'టప్' మని చిన్న శబ్దం వచ్చింది. "ఇప్పుడు చచ్చిందండి బాబూ, భయంలేదు" అన్నాడు. ట్యూబును గోనెసంచిలో చుట్టి తనే పట్టుకెళ్లాడు. అలాంటి గాజులో సీసం కూడా ఉండొచ్చు. కాలవగట్టున పారేసే వస్తువు కాదది.

చెక్కపెట్టెలో నేరుగా నీళ్లు పొయ్యలేం గదా. లోపల సరిగ్గా పట్టే గాజుతొట్టి కావాలి. ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపులో అయిదు మిల్లీమీటర్ల అద్దం కోయించాను. అడుగున్నర పొడవు, ముప్పాతిక అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచులకి సిలికాన్ జిగురు. అది ఆరేటప్పుడు ఆవకాయ జాడీ దగ్గర వెనిగర్ ఒలికినట్టు ఘాటుగా ఉంటుంది. ఆ వాసన పూర్తిగా పోయిందాకా, అంటే రెండు రోజులు, నీటిచుక్క తగలకూడదు. జిగురు కొనేటప్పుడు బూజు పట్టకుండా మందు కలిపినది వద్దు, ఆ మందు చేపకి విషం.

బరువు లెక్క నేను బి.కాం. చదివినందుకు పనికొచ్చింది. నీళ్లు పాతిక లీటర్లంటే పాతిక కిలోలు. గాజు ఆరు కిలోలు, ఇసక నాలుగు. వెరసి ముప్పయ్యైదు. ముసలి కోళ్లు దీన్ని మొయ్యలేవని అడుగున అంగుళం మందం పలక వేయించి, బరువు నేరుగా నేలకి దిగేలా మధ్యలో ఇంకో దిమ్మ పెట్టించాను.

ఇహ మెకానిక్కు చేసిన మాయ చూడండి! బల్బు స్థానంలో పన్నెండు వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీ బిగించి, దాని స్విచ్చి తీగను పాత టీవీ మరకే కలిపాడు. మర తిప్పితే అదే 'టక్' శబ్దం, తెర వెలుగుతుంది. గాలి పంపును స్పీకరు జల్లెడ వెనక పెట్టాడు. గుర్రు గుర్రుమనే శబ్దం స్పీకర్లోంచే వస్తుంది. "సౌండు కూడా ఇచ్చేనండి" అని నవ్వాడు. ఆయన చెప్పిన రెండు జాగ్రత్తలు మాత్రం రాసుకోండి. నీళ్ల దగ్గర్నుంచి వచ్చే తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి. అప్పుడు తీగ వెంట జారిన నీళ్లు ప్లగ్గులోకి పోకుండా వేలాడినచోటే బొట్టుగా రాలిపోతాయి. గాలి గొట్టానికి ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టిలో నీళ్లు గొట్టం పట్టుకుని వెనక్కి పంపులోకి వచ్చేస్తాయి. మా కోనసీమలో కరెంటు పోవడమనేది 'అయితే' కాదు, 'ఎప్పుడూ' అనే మాట!

ఇక్కడిదాకా కథ హిట్టు. ఇంటర్వెల్ ముందరే నేను కథ చెడగొట్టాను.

సాయంత్రం నీళ్లు పోశాం. రాత్రంతా నిలవుంచాం, బ్లీచింగ్ పౌడరు వాసన పోవాలని. ఆ మాత్రం జ్ఞానం నాకుంది. మర్నాడే అమలాపురం వెళ్లి నాలుగు బంగారు చేపలు తెచ్చాను. అత్తయ్య బంగారు రంగే కావాలంది. షాపతను ఏమీ చెప్పలేదు. నేనూ ఏమీ అడగలేదు, తప్పు నాదే. ఆ సాయంత్రం ఏడింటికి అత్తయ్య తలుపులు రెండూ తెరిచి, మర తిప్పింది. టక్. నల్లకాగితం అంటించిన వెనక గోడ ముందు నాలుగు బంగారు చేపలు. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాయాబజార్లో ప్రియదర్శినిలా ఉందిరా" అంది.

1957 నాటి ఆ పేటిక గుర్తుందిగా మీకు? తెరిస్తే మనసుకి ఇష్టమైనవాళ్లు కనపడతారు. కె.వి.రెడ్డిగారూ పింగళి వారూ మార్కస్ బార్ట్‌లేగారూ కలిసి, మన ఇళ్లకి టీవీ రాకముందే టీవీని చూపించేశారు. అత్తయ్యకి ఆ పెట్టెలో ఎవరు కనపడ్డారో నేనడగలేదు.

నేను మద్రాసు పని మీద వెళ్లిపోయాను. తొమ్మిదో రోజు ఫోను. "ఒరేయ్, పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయిరా. గాలి చాలట్లేదా?" మూడు గంటలకొకసారి ఫోను చేసింది. పదో రోజు ఉదయానికి రెండు, రాత్రికి మిగతా రెండు. "ఆ పెట్టెలో మళ్లీ చావు చూడాల్సొచ్చిందిరా" అంది. అంతే. తలుపులు వేసి, గుడ్డ కప్పేసిందని పక్కింటి పిల్ల ద్వారా తెలిసింది. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

చేపలెందుకు పోయాయి? అప్పుడు కూర్చుని చదివాను. ముందు చదవాల్సింది! చేప నీళ్లలోనే తింటుంది, నీళ్లలోనే విసర్జిస్తుంది. మొప్పల ద్వారా అమోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అమోనియాయే. అది కంటికి కనపడదు, నీళ్లు అద్దంలా తేటగా ఉంటాయి, లోపల మాత్రం విషం. చెరువులోనైతే దాన్ని తినే సూక్ష్మజీవులుంటాయి. ఒక జాతి అమోనియాని నైట్రైటు చేస్తుంది, అదీ విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేటు చేస్తుంది, అది అంత ప్రమాదం కాదు. ఈ జీవులు ఇసకకీ ఫిల్టరు స్పాంజికీ పట్టి కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేనిచ్చింది ఒక్క రాత్రి! పైగా బంగారు చేప బాగా తిని బాగా విసర్జించే జాతి, జానెడు పెరుగుతుంది కూడా. పాతిక లీటర్లలో నాలుగింటిని పెట్టడమంటే ఒంటిగది వాటాలో ఉమ్మడి కుటుంబాన్ని దింపడమే. పెట్టె అందం కోసం నెలంతా తిరిగినవాణ్ణి, నీళ్ల కోసం ఒక్క వారం ఆగలేకపోయాను. చేపకి కోళ్లున్న టీవీ అయితేనేం, పగిలిన కుండయితేనేం? దానికి కావలసింది నీళ్లు.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనానికి మొదటిసారి చేపలశాల తెరిచారు. తొట్టిలో మొక్కలూ ప్రాణులూ ఒకదాన్నొకటి ఎలా బతికించుకుంటాయో అంతకు ముందే అక్కడివాళ్లు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి చూశారు. మనమేమో పిల్లాడికి గుండ్రటి గాజుగిన్నె కొనిచ్చి, వారానికి చేప చస్తే ఇంకోటి కొనిస్తాం.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాను. అత్తయ్య కాఫీ ఇచ్చింది గానీ పెట్టె వైపు చూడనివ్వలేదు. "వద్దు నాన్నా, నాకు ఓపికలేదు" అంది. "చేపలు తేనత్తయ్యా. నెలరోజులు ఒట్టి నీళ్లే. నువ్వు రోజూ చిటికెడు మేత వెయ్యి చాలు" అన్నాను. "చేపల్లేకుండా మేతెవరికిరా?" అని విచిత్రంగా చూసింది. సూక్ష్మజీవుల సంగతి చెప్పాను. "అంటే తోడు పెడుతున్నావన్నమాట, పాలు పెరుగయ్యేదాకా కదపకూడదు" అంది. పుస్తకాల్లో ఇరవై పేజీలు చదివిన నాకు ఆ మాట తట్టలేదు!

నెలంతా ఆమే చూసింది. కాలవలోంచి నాచు తెచ్చి, వారం రోజులు వేరే బేసినులో ఉంచి, అందులోని నత్తల్నీ పురుగుల్నీ ఏరి, తర్వాత తొట్టిలో నాటాం. చుక్కలు వేస్తే రంగు మారే పరీక్షసీసా ఒకటి కొనిచ్చాను. మొదట రెండు వారాలు నీళ్లు పచ్చగా చూపించాయి, అంటే అమోనియా ఉన్నట్టు. తర్వాత మెల్లగా పసుపులోకి దిగాయి. నైట్రైటుకి ఇంకో సీసా. అత్తయ్య ఈ రంగులన్నీ తేదీలు వేసి, కిరాణా పద్దుల పుస్తకం చివర రాసింది. ఐదో వారం రెండూ సున్నాకి వచ్చాక, "ఇప్పుడు తే" అని ఆజ్ఞ.

ఈసారి బంగారం కాదు, గప్పీలు. బొటనవేలి గోరంత ఒళ్లు, అంతకంటే పెద్ద తోక. మా వైపు బోరునీళ్ల కాస్త ఉప్పదనాన్ని కూడా ఓర్చుకునే జాతి. ఆరు చాలు. సంచిని ఇరవై నిమిషాలు తొట్టి నీళ్ల మీద తేల్చి, కొంచెం కొంచెంగా తొట్టినీళ్లు అందులో కలిపి, అప్పుడు వదిలాం. రోజుకి ఒక్కపూట, రెండు నిమిషాల్లో తినేసేంతే మేత. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి, మొత్తం కాదు. స్పాంజిని కొళాయి కింద కడగకూడదు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. లేకపోతే తోడు పోతుంది. వేసవిలో టీవీ తలుపులు మూసేస్తే లోపల ఉడికిపోతుందని వెనక అట్ట తీసేసి దోమతెర బిగించాం. బల్లి పడకుండా కూడా.

"అన్నీ మగవే సార్" అన్నాడు షాపతను. ఏప్రిల్ మొదటి వారం తెల్లారుజామున ఫోను మోగితే నా గుండె జారింది. "ఒరేయ్, దారప్ముక్కల్లాంటివి నాచులో కదుల్తున్నాయి. పురుగులా?" ఫొటో పంపమన్నాను. పక్కింటి పిల్ల తీసి పంపింది. పురుగులు కావు, పిల్లలు! గప్పీ గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే పెడుతుంది. ఆరింట్లో రంగు తక్కువగా, పొట్ట లావుగా ఉన్న ఆ ఒక్క 'మగది' ఎవరో తెలిసిపోయింది. అత్తయ్య లెక్కపెట్టినవి పద్నాలుగు. పెద్దవి తినేస్తాయని తెలిసి నాచు ఇంకాస్త తెచ్చి వేసింది. పదకొండు బతికాయి.

పాతిక లీటర్లలో ఇంతమంది కుదరరు. "కాలవలో వదిలెయ్యనా?" అంది. వద్దన్నాను. ఇలా తొట్లలోంచి వదిలినవే మన చేపల పాలిట శత్రువులవుతాయి. తొట్టిలో పాచి తింటుందని కొనుక్కున్న ఆ 'దెయ్యం చేప' ఇవాళ మన రాష్ట్రంలో చెరువుల రైతుల్ని ఎంత ఏడిపిస్తోందో, వలల్ని ఎలా చింపుతోందో ఎవర్నడిగినా చెప్తారు. గుర్రపుడెక్క కథ సరేసరి.

మొన్న వెళ్లేసరికి ఏడింటికి వీధిలో పిల్లలు అరడజను మంది హాల్లో చాప మీద ఉన్నారు. ఒకడు కిటికీ ఊచలు పట్టుకున్నాడు. అత్తయ్య టక్ మని మర తిప్పింది. వెనక నుంచి ఓ బుడ్డోడు "బామ్మగారూ, వేరే చానల్ రాదాండీ?" అన్నాడు. వాళ్ల వెనకాల వాళ్లమ్మలు, హార్లిక్స్ సీసాలతో. అందరికీ చేపపిల్ల కావాలి.

అత్తయ్య ఒక్కరికీ ఇవ్వలేదు. "సీసా చాలదు, బకెట్టంత తొట్టయినా తెండి. నెల్రోజులు నీళ్లు నిలబెట్టి, చుక్కలేసి చూపించండి. అప్పుడే పిల్లనిస్తా" అని తెగేసి చెప్పింది.

"పిల్లనివ్వడానికి మీరిన్ని షరతులు పెడితే ఎలాగండీ?" అంది ఒకావిడ నవ్వుతూ.

"మరి! ఇదివరకు నాలుగింటిని తొందరపడి ఇచ్చి చూశాం" అంది అత్తయ్య, నా వైపు చూడకుండానే.